పన్నెండో నమూనా

నూకరాజుకి రెండు జబ్బులు. రెండిటికీ ప్రభుత్వం ఒకే ఆవరణలో, ఒకే వరండామీద, రెండు కిటికీలు పెట్టింది. ఇంతకన్నా సౌకర్యం ఇంకేం కావాలని ఎవరైనా అనుకుంటారు. నూకరాజూ అలాగే అనుకుని మూడు నెలలు తిరిగాడు.

మొదటి జబ్బు నల్లమందు. అతను పదహారేళ్లు లారీ తోలాడు. బెల్లం దిమ్మలు ఎత్తుకుని ఉత్తరాదికి పోయే రూటు. నడుంనొప్పి తెలియకుండా ఉంటుందని ఒక దాబావాడు చాయ్‌లో కలిపిచ్చాడు. నడుంనొప్పి పోయింది, చాయ్ పోలేదు. కొన్నాళ్లకి చాయ్ చాలక సూది వచ్చింది. ఆ సూది నలుగురు డ్రైవర్లకి ఒక్కటే. రెండో జబ్బు, అంటే హెచ్‌ఐవీ, ఆ సూది పట్టుకునే వచ్చింది.

పెళ్లాం పైడితల్లికి పరీక్ష చేయిస్తే ఆమెకి లేదని తేలింది. ఆమె అమ్మవారికి చీర పెట్టి వచ్చి, మొగుడి బట్టలు సిమెంటు సంచిలో కుక్కి, వీధి అరుగుమీద పెట్టింది.

"ఆ పాడు మందు మానీయాల. ఈ రోగానికి మందు మొదలెట్టాల. రెండూ అయినాయని డాక్టరు రాసిన కాయితం అట్టుకొని రా. కాయితం నేకుండా గుమ్మం తొక్కినావో, నాను మడిసిని కాను," అంది.

అన్నంతా అని లోపలికి పోయి ఏడ్చింది. ఆ ఏడుపు నూకరాజుకి అరుగుమీదికి వినబడింది. కాగితం తెస్తే తలుపు తీస్తుందని అతనికి నమ్మకం కుదిరింది ఆ ఏడుపు వల్లే.

ఇంక కాగితం కోసం బయలుదేరాడు. ఒకటో కిటికీ నల్లమందు మాన్పించేది. అందులో ఆయన, "ఒంట్లో ఆ వైరస్ ఉన్నవాళ్లని చేర్చుకోవడానికి రూల్సు ఒప్పుకోవు. ముందు దాన్ని అదుపులో పెట్టుకుని, సర్టిఫికెట్టు తే," అన్నాడు. ఏడో కిటికీ వైరస్‌కి మందులిచ్చేది. అందులో ఆవిడ, "మత్తు అలవాటున్నవాడు మాత్రలు వేళకి మింగడు. ముందు అది మానేసినట్టు సర్టిఫికెట్టు తే," అంది. ఒకటో కిటికీకీ ఏడో కిటికీకీ మధ్య దూరం ఇరవై రెండు అడుగులు. నూకరాజు నడిచి నడిచి కొలిచాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడంటారు గాని, ఇక్కడ ఇద్దరూ ఎదురెదురుగా కూచుని ఒకరికొకరు టీలు పంపించుకునేవారు.

చివరికి తిరిగే ఓపిక లేక, కూలికి బస్తాలు దింపే పనిలో చేరాడు. అలా ఒకరోజు వేరుశనగ బస్తాలతో కొండమీది పరిశోధనా సంస్థకి వెళ్లాడు.

అక్కడ ఒక పొడుగాటి రేకుల షెడ్డు ఉంది. లోపల కోతులు. గుమ్మం మీద బోర్డు: "నల్లమందు అలవాటు, వైరస్ వ్యాధి రెండూ కలిగిన జంతు నమూనాల విభాగం. నిశ్శబ్దం పాటించండి."

నూకరాజు బస్తా భుజంమీద ఉండగానే ఆ బోర్డు రెండుసార్లు చదివాడు. కోతులకి జ్వరం చూస్తున్న పశువుల డాక్టరు మందాకినిని అడిగాడు.

"ఏటి మేడమ్, ఈటికి రెండూ ఉన్నాయా? ఒకేదానికి?"

"ఉన్నాయి. కోతుల్లో వచ్చేది మన వైరస్‌కి చుట్టం. మనుషుల్లో ఈ రెండూ తరచు కలిసే వస్తాయి కదా, అందుకని. నల్లమందు వాడితే జబ్బు తొందరగా ముదురుతుందా, మెల్లిగా మాన్పిస్తూ మందులిస్తే ఎంతవరకు నిలబడుతుంది అని చూస్తున్నాం."

"రెండిటికీ ఒక్క చోటే సూత్తారా?"

"ఒక్క చోట కాకపోతే? ఒక ప్రాణిని రెండు ముక్కలు చెయ్యలేం కదా."

నూకరాజు బస్తా దించి దానిమీదే కూలబడ్డాడు. మూడు నెలల్లో అతనికి అర్థమయ్యే మాట మాట్లాడిన మొదటి మనిషి ఆవిడ.

"మరి మడుసులకి ఏ షెడ్డులో సూత్తారు మేడమ్?"

"మనుషులకి ఏం చెయ్యాలో తెలుసుకోవడానికే కోతుల్లో చూస్తున్నాం."

"దానికి కోతులెందుకండి? నన్నడగండి, నాను సెప్తాను."

"నువ్వు చెబితే అది గోడు. కోతి చెబితే ఫలితం," అంది మందాకిని. అన్నాక ఆవిడకే ఆ మాట బాగోలేదు. అతని కథంతా విని, వెంటబెట్టుకుని పరిపాలనాధికారి గదికి తీసుకెళ్లింది, కనీసం ఊడ్చే పనైనా ఇప్పిస్తే తన కళ్లముందు ఉంటాడని.

పరిపాలనాధికారి రాజశిఖామణిగారు మాట్లాడుతుంటే ఎవరో పక్కన కూచుని రాసుకుంటున్నారా అనిపిస్తుంది. ఇంట్లో పెరుగు అడగాలన్నా "పై విషయమై" అని మొదలుపెడతారని ఆఫీసులో చెప్పుకుంటారు. ఆ రోజు ఆయన తల పట్టుకుని కూచున్నారు. సంస్థకి పన్నెండు కోతులు మంజూరయ్యాయి. అటవీ శాఖ పదకొండు పంపి, "మిగిలినది తరువాత పంపబడును" అని ఉత్తరం రాసింది. ఇది రెండేళ్లనాటి మాట. కోతి రాలేదు గాని, కోతి ఫైలు ఆగలేదు. వారం వారం నింపాల్సిన ఫారాలు నింపుతూనే ఉన్నారు. రాని కోతి తిన్న వేరుశనగ, రాని కోతి బరువు, ఒకసారి రాని కోతికి వచ్చిన విరేచనాలు, అన్నీ నూట ఎనభై పేజీల్లో ఉన్నాయి. ఇప్పుడు ఢిల్లీనించి వచ్చే వారమే తనిఖీ బృందం వస్తుందని తంతి లాంటి మెయిలు వచ్చింది.

"పన్నెండు లేనిచో గణాంకము నిలువదు డాక్టరుగారూ. గణాంకము నిలువనిచో సంస్థ నిలువదు," అన్నారాయన.

మందాకిని నూకరాజు సంగతి చెప్పింది. రాజశిఖామణిగారు కళ్లజోడు పైకి తోసి అతన్ని పాదాలనించి జుట్టుదాకా చూశారు.

"నల్లమందు అలవాటు సహజముగనే ఏర్పడినదా?"

"ఆయ్."

"వైరస్ కూడా?"

"అదీ సహజమేనండి. ఎవులూ ఎక్కించనేదు."

"చూశారా డాక్టరుగారూ! ఒక ప్రక్క ప్రాణి లేని ఫైలు. మరొక ప్రక్క ఫైలు లేని ప్రాణి. ఇట్టి అవకాశము సర్వీసులో ఒక్కసారే తటస్థించును."

"సార్, అతను మనిషి," అంది మందాకిని.

"కోతినుండి మనిషి వచ్చెనని మన సంస్థ గోడమీదనే బొమ్మ ఉన్నది. స్వల్పమైన కాలవ్యవధి మాత్రమే తేడా." అని ఆయన ఫారం తీశారు.

జాతి అన్నచోట "దగ్గరి బంధువు" అని రాశారు. తోక అన్నచోట "లేదు, పుట్టుకతోనే". పట్టిన స్థలం అన్నచోట "కార్యాలయ గుమ్మము". నూకరాజు తన అలవాటు ప్రకారం కింద సంతకం పెట్టబోతే ఆయన ఫారం గుంజుకున్నారు.

"సంతకము పెట్టితివా, మనిషివైపోదువు! ఫైలు మొత్తము చెడును. మనిషివైతే నీ సమ్మతి కావలెను, నైతిక సంఘము కావలెను, ఆ సంఘమునకు అధ్యక్షుడు కావలెను. ఆ పదవి నాలుగేళ్లుగా ఖాళీ."

"నాకు ఒక్కటే గావాల బావూ. ఆకర్న కాయితం ఇత్తారా?"

"ప్రతి నమూనాకూ ప్రయోగాంతమున ఆరోగ్య ధ్రువపత్రము జారీ చేయబడును. అది నియమము."

నూకరాజు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అయితే నాను కోతినే," అన్నాడు.

షెడ్డు చివర, ఇనప కటకటాలున్న గదిని పంజరం నంబరు పన్నెండు అనేవారు. పంజరానికి బయటనించి తాళం వెయ్యాలని నియమం. అందుకని నూకరాజు లోపలికి వెళ్లి, కటకటాల్లోంచి చెయ్యి బయటపెట్టి తనే తాళం వేసుకుని, తాళంచెవి బయట మేకుకి తగిలించేవాడు. ఒంటికి పోవాలంటే తనే తీసుకునేవాడు. "వాతావరణ సంపన్నత" అనే పద్దు కింద కాలక్షేపానికి ఒక అద్దం, వేలాడే పాత లారీ టైరు ఇచ్చారు. టైరు చూడగానే అది ఏ కంపెనీదో, ఎన్ని వేల కిలోమీటర్లు తిరిగిందో చెప్పేశాడు. అది ఎక్కడ రాయాలో ఎవరికీ తెలియక వదిలేశారు.

మాత్రలు అరటిపండులో పెట్టి ఇవ్వాలని నియమం. "ఒట్టిగా ఇచ్చీండి మేడమ్, మింగీనా?" అని నూకరాజు బతిమాలాడు. అరటిపండంటే అతనికి చిన్నప్పట్నించీ పడదు. కాని నమూనాలన్నిటికీ ఒకే పద్ధతి ఉండాలి. ముక్కు మూసుకుని పండు తినడం నేర్చుకున్నాడు.

అతనికి వింతగా తోచింది ఇంకొకటి. గోడమీద పెద్దక్షరాలతో ఉంది: జంతువుల ఎదుట గొంతు పెంచరాదు. వాటిని వేచి ఉండేట్టు చేయరాదు. వాటి మేత వేళ తప్పరాదు. నొప్పి అన్న గుర్తు కనిపిస్తే పావుగంటలో డాక్టరు రావలెను. ఒకటో కిటికీ ముందు, ఏడో కిటికీ ముందు ఎండలో నిలబడ్డప్పుడు ఇలాంటి బోర్డు ఎక్కడా చూడలేదతను. "మడిసిగా ఉన్నప్పుడు ఇయ్యి ఎందుకు నేవు మేడమ్?" అని అడిగాడు ఒకసారి. మందాకిని థర్మామీటరు విదిలించి అతని నోట్లో పెట్టింది.

నల్లమందు వారం వారం తగ్గిస్తూ వచ్చారు. దానికి బదులు ఒక మందు, అదీ కొలిచి. రెండో నెల మధ్యాహ్నాలు నరకం చూశాడు. ఎముకల్లో ఎవరో రంపం పెట్టినట్టు ఒళ్లంతా పోట్లు, ముక్కునీళ్లు, కళ్లనీళ్లు. పక్క పంజరంలో తొమ్మిదో నంబరు కోతి ఉండేది. ముసలిది, మహా పెంకిది, కనబడ్డవాడినల్లా పళ్లికిలించి బెదిరించేది. దానికీ ఆ నెలే తగ్గిస్తున్నారు. అదీ వణుకుతూనే ఉండేది. అది మధ్యనున్న తీగల జాలీ దగ్గరికి జరిగి, తన అరచెయ్యి జాలీకి ఆనించి, గంటలతరబడి అతన్నే చూస్తూ కూచునేది. నూకరాజు ఇవతలనించి తన వీపు ఆనించి కూచునేవాడు. "నీకు పెళ్లాం ఉన్నాదేటే? కాయితం అడిగిందా?" అనేవాడు దానితో. పదిమంది డ్రైవర్లతో తిరిగాడు గాని అంత తోడు ఎవరూ ఇవ్వలేదని అతనికి నిజంగానే అనిపించింది.

మూడో నెలకి ఇద్దరికీ వణుకు తగ్గింది. ఐదో నెలకి నల్లమందు ఆగిపోయింది. ఏడో నెలకి రక్తపరీక్షలో వైరస్ కనబడనంత తక్కువకి దిగింది. బరువు తొమ్మిది కిలోలు పెరిగాడు. తనిఖీ బృందం ఎనిమిదో నెలలో వచ్చింది. వచ్చే వారమే వస్తామన్నవాళ్లకి అది తొందర కిందే లెక్క.

వాళ్లొచ్చే ముందురోజు రాజశిఖామణిగారు షెడ్డులో నిలబడి, ప్రయోగపు నియమాలన్నీ గట్టిగా చదివి సరిచూసుకున్నారు. "పద్నాలుగో అంశము. ప్రయోగాంతమున నమూనాల మెదడు సేకరించి సీసాలయందు భద్రపరచవలెను."

పన్నెండో పంజరంలో అరటిపండు కిందపడింది.

"మెదడా?" అన్నాడు నూకరాజు. "కాయితం అన్నారు గదా బావూ! మెదడు తీసీసినాక కాయితం ఎవులికిత్తారు?"

"కంగారు పడకుము. ధ్రువపత్రము విడిగా జారీ చేయబడును."

"నా బుర్ర తీసీసి నాకు బాగుందని రాత్తారేటండి!"

"గొంతు పెంచరాదు. నియమము జంతువులకు కూడా వర్తించును."

మందాకిని ఆ సాయంత్రం దాకా రాజశిఖామణిగారి బల్లముందు కదలకుండా కూచుంది. "పన్నెండింట్లో ఒక్కదాని తల ముట్టుకున్నా రాజీనామా చేస్తాను," అంది. రాజీనామాకి ఏ ఫారమో ఆయన వెతుకుతుండగా, స్టోరు పుస్తకంలో ఇంకో సంగతి బయటపడింది. సీసాలు ఇంకా రాలేదు. "తరువాత పంపబడును" అని ఉత్తరం మాత్రం వచ్చింది. సీసాల్లేకుండా మెదడు తియ్యరాదు, అదీ నియమమే. నూకరాజు జన్మలో మొదటిసారి సర్కారువారి ఆలస్యానికి చేతులెత్తి దండం పెట్టాడు.

మర్నాడు తనిఖీ బృందం నాయకుడు, తెల్లగడ్డం ప్రొఫెసరు ఒకాయన, పదకొండు పంజరాలు గబగబా దాటి పన్నెండో దాని ముందు ఆగిపోయారు. కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకున్నారు. రాజశిఖామణిగారి నుదుట చెమట పట్టింది.

"అద్భుతం! మనిషికి ఇంత దగ్గరగా ఉన్న నమూనాని నా అనుభవంలో చూడలేదు. లుంగీ ఎందుకు?"

"వాతావరణ సంపన్నత క్రింద ఇవ్వబడినది సార్."

"మాట్లాడుతుందా?"

"మాట్లాడును సార్. కాని నమోదు చేయుటకు గడి లేనందున నమోదు చేయుట లేదు."

ప్రొఫెసరు కటకటాల దగ్గరికి వంగారు. "బాగున్నావా?"

"బాగున్నానండి. ఎప్పుడొదుల్తారు?" అన్నాడు నూకరాజు.

"గొంతు పలుకుట సాధారణం," అని ఆయన రాసుకున్నారు.

ఆ సాయంత్రం షెడ్డులోనే సభ పెట్టారు. పదకొండు కోతుల ఫలితాలూ బాగున్నాయి, పన్నెండోది అన్నిటికన్నా బాగుంది. రెండు జబ్బులకీ ఒకే చోట, ఒకే చేత్తో వైద్యం చేస్తే ప్రాణి నిలబడుతుందని తేలింది. ప్రొఫెసరు లేచి ఉపన్యసించారు. "ముఖ్యంగా పన్నెండో నమూనా ఫలితం చాలా ఆశాజనకం. అయితే తొందరపడకూడదు. ఇది మనుషులకి వర్తిస్తుందో లేదో ఇంకా తెలియదు. దాన్ని తేల్చడానికి ఒక సంఘం వేస్తున్నాం. ఐదేళ్లలో నివేదిక వస్తుంది." చప్పట్లు మోగాయి. కటకటాల వెనక నూకరాజు కూడా చప్పట్లు కొట్టాడు, మర్యాదగా ఉంటుందని. అనుకరణ శక్తి అమోఘమని ఇంకొకాయన రాసుకున్నాడు.

సీసాలు ఎప్పుడొస్తాయో తెలియదు గనక, నమూనాలన్నిటికీ పునరావాసం కల్పించాలని నిశ్చయమైంది. పదకొండింటిని సంస్థ వెనకున్న తోటలో, కంచె లోపల, జీవితాంతం పోషించాలి. పన్నెండోదాన్ని మాత్రం దాని సహజ ఆవాసంలో విడిచిపెట్టి, మందులు నెలనెలా అక్కడికే పంపాలి. తొమ్మిదో నంబరుని తోటకి తరలించే రోజు నూకరాజు దానికి జాలీలోంచి తన వంతు అరటిపండు ఇచ్చాడు. అది తీసుకుని, తొక్క అతని మొహాన కొట్టి, వెళ్లిపోయింది.

ఆ తరవాతి బుధవారం పైడితల్లి ఇంటిముందు సంస్థ వ్యాను ఆగింది. వెనక "జాగ్రత్త, జంతువు ఉంది" అని బోర్డు ఉంది. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. రాజశిఖామణిగారు ఫైలుతో, మందాకిని మందుల పెట్టెతో దిగారు. నూకరాజు దిగలేదు. ఆవాసం వారు సంతకం పెట్టేదాకా వ్యానులోంచి కాలు కింద పెట్టరాదని చెప్పారు. కిటికీలోంచి గుమ్మం వంకే చూస్తున్నాడు. గుమ్మానికి కొత్తగా పసుపు రాసి ఉంది.

పైడితల్లి చీపురుతోనే వచ్చింది. రాజశిఖామణిగారు ఆమె చేతికి కాగితం ఇచ్చారు. ఆమె గోడకి చీపురు ఆనించి, కూడబలుక్కుని చదివింది.

"మగది. వయసు నలభై ఒకటి. తోక లేదు. నల్లమందు ఆగి మూడు నెలలు. వైరస్ కనిపించుట లేదు. మాత్ర ఒక్కరోజు కూడా తప్పలేదు." ఆఖరి రెండు మాటలూ మళ్లీ చదువుకుంది, ఈసారి పైకి వినబడకుండా. తలెత్తి అడిగింది. "ఇది కోతి కాయితం గదా బావూ. మడిసి కాయితం నేదా?"

"మనుష్యుల విషయము ఇంకను సంఘ పరిశీలనలో ఉన్నదమ్మా."

పైడితల్లి వ్యాను వంక చూసింది. కిటికీలో నూకరాజు మొహం ఉంది. ఇల్లు విడిచేనాటికి పీక్కుపోయిన మొహం ఇప్పుడు నిండుగా ఉంది. పెళ్లినాటి మొహం అది. ఆమె తన మీద తనకే అనుమానం వచ్చినట్టు పమిటతో కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది.

"కాయితంలో ఉన్నది నిజమేనా అమ్మా?" అని మందాకినిని అడిగింది.

"ప్రతి అక్షరం నిజం, తోకతో సహా. నీకూ భయం లేదు. మాత్రలు ఇలాగే వేసుకుంటే చాలు," అంది మందాకిని.

"కరుత్తాదేటి?" అంది పైడితల్లి, రాజశిఖామణిగారి వైపు తిరిగి. ఆమె పెదవి చివర కదిలింది గాని ఆయన గమనించలేదు.

"ప్రయోగ కాలమున కరచిన దాఖలాలు లేవు."

"ఏటి తింటాది?"

"అరటిపండ్లు, వేరుశనగలు, గుడ్డు."

"అరటిపండా? ఈ మడిసా?"

"ఇక ఆ కాగితము క్రిందనున్న నిబంధనలు. మేత వేళకు ఇవ్వవలెను. వేచి ఉండేటట్లు చేయరాదు. ముఖ్యముగా, దాని ఎదుట గొంతు పెంచరాదు."

పైడితల్లి కాగితం మడిచి ఆయనకి తిరిగి ఇచ్చేసింది. "మిగిలినయన్నీ సేత్తాను. అది మాత్రం నా వల్ల కాదు. నాను సంతకం పెట్టను."

రాజశిఖామణిగారు నిబంధన మార్చే అధికారం తనకి లేదన్నారు. సంతకం లేకపోతే నమూనాని వెనక్కి తీసుకెళ్లి, సీసాలు వచ్చేదాకా ఉంచడం తప్ప గత్యంతరం లేదన్నారు.

"అరవనియ్యండి బావూ!" అని వ్యానులోంచి నూకరాజు కేక పెట్టాడు. "ఎనిమిది నెలలై అందరూ మెల్లిగా మాటాడతన్నారు, సచ్చిపోతన్నాను! పదారేళ్లు ఆ అరుపు ఇనే ఇంటికొచ్చినాను. అది నేకపోతే ఇల్లని నాకెలాగ తెలుస్తాది?"

రాజశిఖామణిగారు కలం పట్టుకుని చాలాసేపు ఆలోచించారు. ఆయన ముప్పయ్యేళ్ల సర్వీసులో అలాంటి ఆలోచన అంతకుముందెప్పుడూ రాలేదు. నిబంధన కింద చిన్న అక్షరాలతో రాశారు: "ఆవాసమునందలి సహజ ధ్వనులు నిబంధన క్రిందికి రావు."

పైడితల్లి అది చదివి, సంతకం పెట్టి, కాగితం రవికెలో దోపుకుని, చీపురు అందుకుంది.

"ఇంకా ఆ బండిలో కూకున్నావేటి? దిగు! కూడు సల్లారిపోతన్నాది!" అంది. వీధి చివర ఇస్త్రీ చేస్తున్నవాడు కూడా తలెత్తి చూశాడు.

నూకరాజు దిగి, పసుపు గుమ్మం ముందు చెప్పులు విప్పి, లోపలికి వెళ్లిపోయాడు.

రాజశిఖామణిగారు గడియారం చూసి, "స్పందన: తక్షణం" అని రాశారు. నమూనా లోపలికి పోతూ ఏడవడం ఆయన చూశారు. అది ఎక్కడ రాయాలా అని ఫారం ముందుకీ వెనక్కీ తిప్పారు. దానికి గడి లేదు. ఫైలు కట్టేసి, వ్యాను వెనక బోర్డు తనే తీసేసి, ముందు సీట్లో ఎక్కి కూచున్నారు.